డేటాబేస్ తెగిపోయినా లైన్ ఆగకూడదంటే ఏం చేయాలి

ఒక రాత్రి షిఫ్ట్‌లో నేను దగ్గరుండి చూసిన సంగతి ఇది. ట్యాంకులో ఉష్ణోగ్రత సరిగ్గా ఉంది, పంపులు తిరుగుతున్నాయి, యంత్రాలను నడిపే కంట్రోలర్, అంటే పీఎల్‌సీ మీద రన్ లైటు పచ్చగా వెలుగుతోంది. ఆపరేటర్ తర్వాతి బ్యాచ్‌కి స్టార్ట్ నొక్కాడు. స్క్రీన్ బిగుసుకుపోయింది. మళ్లీ నొక్కాడు, మౌస్ కదిపి చూశాడు, వంగి మానిటర్ కేబుల్ సరిచేశాడు. పదిహేను నిమిషాలు దాటాక చిన్న ఎర్రర్ పెట్టె వచ్చింది: డేటాబేస్ కనెక్షన్ లేదు. సర్వర్ గదికి వెళ్లే దారిలో ఒక నెట్‌వర్క్ స్విచ్ పోయింది, అంతే. లైన్ మీదున్న యంత్రాల్లో దేనికీ లోపం లేదు. కానీ వేడెక్కి ఎదురుచూస్తున్న సరుకు మాత్రం పాడైంది.

డేటాబేస్ లెక్కలు రాసుకునే గుమస్తా లాంటిది. గుమస్తా ఒక పూట రాకపోతే సరుకు దించడం ఆపం. చీటీల మీద రాసిపెట్టి, వచ్చాక పుస్తకంలోకి ఎక్కిస్తాం. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, చాలా స్కాడా (ఆపరేటర్ స్క్రీన్ నుంచి ప్లాంట్‌ని చూసి నడిపే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుల్లో మనకు తెలియకుండానే గోడౌన్ తాళంచెవులు కూడా ఆ గుమస్తా చేతికే ఇచ్చేస్తాం. వాటిని వెనక్కి తీసుకోవడం ఎలాగో వరసగా చెబుతాను.

ముందు, డేటాబేస్‌ని ఎవరు ఎప్పుడు అడుగుతున్నారో పట్టుకోండి

ప్రాజెక్టు డాక్యుమెంట్‌ని నమ్ముకోకండి. డేటాబేస్ సర్వర్ వైపే కూర్చుని, వచ్చే ప్రతి క్వెరీనీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రతి అభ్యర్థననీ, ఒక పూర్తి షిఫ్ట్ పాటు లాగ్ చేయండి. ఆ షిఫ్ట్‌లో ఒక బ్యాచ్ మొదలవ్వాలి, ఒకటి ముగియాలి, ఒకరు లాగౌట్ అయి ఇంకొకరు లాగిన్ అవ్వాలి, ఒక రిపోర్టు తీయాలి. అప్పుడే అసలు చిత్రం బయటపడుతుంది. ఆ తర్వాత స్కాడా స్క్రిప్టులన్నీ తెరిచి, బటన్ల వెనక, స్క్రీన్ తెరుచుకునే చోట, ట్యాగ్ (స్కాడాలో ఒక్కో విలువకీ పెట్టిన పేరు) మారినప్పుడు నడిచే చోట ఉన్న క్వెరీలను వెతకండి.

దొరికినవాటిని మూడు కుప్పలుగా పోయండి. మొదటిది రాసేవి: ట్రెండ్లు, అలారం చరిత్ర, ఉత్పత్తి లెక్కలు. రెండోది చదివేవి: రెసిపీలు, యూజర్ల జాబితా, అలారం హద్దులు, ఆర్డర్లు. మూడోది అడిగి జవాబు వచ్చేదాకా ముందుకు పోనివ్వనివి: కొత్త బ్యాచ్ నంబరు, బార్‌కోడ్ సరిచూడటం, క్వాలిటీ అనుమతి.

అందరూ మొదటి కుప్ప గురించే కంగారు పడతారు. నిజానికి అది తేలిక. లైన్‌ని ఆపేది రెండోది, మూడోది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లు ఇచ్చే స్టోర్ అండ్ ఫార్వర్డ్ (ముందు లోకల్‌గా దాచి, తర్వాత సర్వర్‌కి పంపే) సదుపాయం కూడా మొదటి కుప్పనే కాపాడుతుంది. ఉదాహరణకు ఇగ్నిషన్ అనే స్కాడా సాఫ్ట్‌వేర్‌లో ట్యాగ్ హిస్టరీ ఆ దారిలోనే వెళుతుంది కాబట్టి కనెక్షన్ పోయినా లోకల్‌గా నిలవుంటుంది. స్క్రిప్టులో మీరు మామూలు అప్‌డేట్ ఫంక్షన్ పిలిస్తే మాత్రం అది నేరుగా డేటాబేస్‌కే పోతుంది. బఫర్ గుండా పంపడానికి పేరులో ఎస్‌ఎఫ్ అని ఉన్న ఫంక్షన్లు వేరే ఉన్నాయి. ఈ తేడా తెలియక, బఫర్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న ప్రాజెక్టులు చాలా చూశాను.

నడిపించే పనంతా పీఎల్‌సీలోకి దించండి

ఇంటర్‌లాక్‌లు (ఒకటి సరిగా లేకపోతే ఇంకొకదాన్ని కదలనివ్వని అడ్డులు), సీక్వెన్సులు, పీఐడీ లూపులు (ఉష్ణోగ్రత లాంటివాటిని కావాల్సిన విలువ దగ్గర నిలిపేవి), ట్రిప్‌లు (హద్దు దాటితే ఆపేసేవి) పీఎల్‌సీలోనే ఉండాలి. సేఫ్టీ సిస్టమ్ అసలు ఈ చర్చలోకే రాకూడదు, అది విడిగానే ఉంటుంది. ఇందులో వాదనకు తావులేదు కాబట్టి ముందుకు వెళ్తాను.

ఆలోచించాల్సింది రెసిపీ దగ్గర. బ్యాచ్‌లో ఒక్కో దశకీ స్కాడా డేటాబేస్‌ని అడిగి, వచ్చిన సెట్‌పాయింట్‌ని (చేరాల్సిన విలువని) పీఎల్‌సీకి రాసే పద్ధతి ఉంటే ఈరోజే మార్చండి. 12 దశల బ్యాచ్‌లో 7వ దశ దగ్గర కనెక్షన్ పోతే ముందుకూ వెళ్లలేరు, వెనక్కీ రాలేరు. దానికి బదులు, స్టార్ట్‌కి ముందే రెసిపీ మొత్తాన్ని ఒకేసారి పీఎల్‌సీలోకి దించండి. దశల సంఖ్య, చెక్‌సమ్ (విలువలు సరిగ్గా చేరాయో లేదో పట్టిచ్చే లెక్క), రెసిపీ వెర్షన్ కూడా దానితో పంపండి. పీఎల్‌సీ తన దగ్గరికి చేరిన విలువలతో చెక్‌సమ్ మళ్లీ లెక్కగట్టి, సరిపోతేనే స్టార్ట్‌కి అనుమతి ఇవ్వాలి. ఒకసారి మొదలయ్యాక ఆ బ్యాచ్ ముగిసేదాకా డేటాబేస్ ఉన్నా లేకపోయినా ఒకటే.

ఈ విడదీత ఇంకో రకంగానూ ఆదుకుంటుంది. 2021 మే నెలలో అమెరికాలో ఇంధనం మోసే కొలోనియల్ పైప్‌లైన్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు దెబ్బ తగిలింది ఆఫీసు వైపు కంప్యూటర్లకు. అయినా ముందుజాగ్రత్తగా పైప్‌లైన్‌నే కొన్ని రోజులు ఆపేశారు. ఆఫీసు నెట్‌వర్క్ లేకుండా నడవగలిగిన ప్లాంట్‌లో, అలాంటి రోజున కేబుల్ మీరే పీకేసి పని కొనసాగించే అవకాశం ఉంటుంది.

టైమవుట్లు: ఇక్కడ తొందరపడకండి

పైన చెప్పిన 15 నిమిషాలు గాలివాటంగా వచ్చినవి కావు. సర్వర్ మీద డేటాబేస్ సర్వీస్‌ని ఆపితే, అవతలి ఆపరేటింగ్ సిస్టమ్ బతికే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎవరూ లేరని వెంటనే చెప్పేస్తుంది. ఎర్రర్ క్షణంలో వస్తుంది. కేబుల్ తెగినా, మధ్యలో స్విచ్ పోయినా అలా చెప్పే నాథుడే ఉండడు. మీ వైపు లినక్స్ ఉంటే, పంపిన ప్యాకెట్‌కి జవాబు రాకపోతే డిఫాల్ట్‌గా 15 సార్లు, ప్రతిసారీ వ్యవధి పెంచుకుంటూ మళ్లీ పంపుతుంది. అది ఆశ వదులుకునేసరికి సుమారు 15 నిమిషాలవుతుంది. కొత్త కనెక్షన్ కోసం తలుపు తడితే సుమారు 2 నిమిషాలు. ఇక క్వెరీ పంపేసి జవాబు కోసం ఊరికే కూర్చున్న కనెక్షన్ అయితే, కీప్ అలైవ్ (అవతల ఎవరైనా ఉన్నారా అని అప్పుడప్పుడూ పలకరించే సదుపాయం) ఆన్ చేసి ఉన్నా మొదటి పలకరింపుకే డిఫాల్ట్ వ్యవధి 7200 సెకన్లు, అంటే 2 గంటలు.

అందుకని మూడు రకాల టైమవుట్లు, అంటే జవాబు కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే గడువులు పెట్టాలి. కనెక్ట్ అవడానికి 3 సెకన్లు. క్వెరీకి 5 సెకన్లు, రిపోర్టులకు వేరే కనెక్షన్ పెట్టి ఎక్కువ ఇవ్వండి. మూడోది సాకెట్ స్థాయిలోది, అంటే అడుగునున్న నెట్‌వర్క్ కనెక్షన్‌ది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లకు 12వ వెర్షన్ నుంచి క్లయింట్ లైబ్రరీలోనే టీసీపీ యూజర్ టైమవుట్ అనే సెట్టింగ్ ఉంది, దాన్ని 10 సెకన్లకు పెట్టండి. డాట్‌నెట్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకు డిఫాల్ట్‌గా కనెక్షన్‌కి 15, కమాండ్‌కి 30 సెకన్లు ఉంటాయి. ఆఫీసు అప్లికేషన్‌కి అది సరిపోవచ్చు. ఒక స్క్రీన్ తెరుచుకోవడానికి 5 క్వెరీలు ఒకదాని తర్వాత ఒకటి నడిచి, ఒక్కోటీ కనెక్షన్ కోసం 15 సెకన్లు ఆగితే, 75 సెకన్లు స్క్రీన్ చచ్చినట్టు ఉంటుంది. వాల్వ్ మూయాలని చూస్తున్న ఆపరేటర్‌కి 75 సెకన్లంటే చాలా ఎక్కువ.

టైమవుట్ తగ్గించడంతోనే పని అయిపోదు. మూడు సార్లు వరసగా విఫలమైతే ఒక మెమరీ ట్యాగ్‌లో డేటాబేస్ లేదు అని గుర్తు పెట్టేయండి. ఆ గుర్తు ఉన్నంతసేపూ ఏ స్క్రీనూ, ఏ స్క్రిప్టూ డేటాబేస్ జోలికి వెళ్లకుండా నేరుగా లోకల్ దారి పట్టాలి. వెనకాల ఒకే ఒక్క చిన్న ప్రోగ్రామ్ 10 సెకన్లకోసారి తలుపు తట్టి చూస్తూ, వరసగా కొన్నిసార్లు సరైన జవాబు వచ్చాకే గుర్తు తీసేయాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని సర్క్యూట్ బ్రేకర్ అంటారు. ప్యానెల్ బోర్డు ముందు పనిచేసేవాళ్లకు ఆ పేరు వివరించనక్కర్లేదు.

ఇంకొకటి కచ్చితంగా పాటించండి. స్క్రీన్‌ని గీసే థ్రెడ్‌లో (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే పని వరసలో) డేటాబేస్ క్వెరీ ఎప్పుడూ నడవకూడదు. పీఎల్‌సీతో మాట్లాడే థ్రెడ్‌లో అయితే అసలే వద్దు.

రాసేవాటికి: ముందు లోకల్ డిస్క్, ఆ తర్వాతే సర్వర్

కనెక్షన్ పోయినప్పుడు మాత్రమే లోకల్‌గా రాద్దాం అనుకుంటారు చాలామంది. అలా చేస్తే, పోయిందని తెలిసేలోపు వచ్చిన రికార్డులు గాలిలో కలిసిపోతాయి. పైగా ఏడాదికి రెండుసార్లు మాత్రమే నడిచే కోడ్ అవసరమైన రోజున మొరాయిస్తుంది. కాబట్టి ఎల్లప్పుడూ ముందు లోకల్‌గానే రాయండి. వేరే పంపే ప్రోగ్రామ్ అక్కడి నుంచి తీసి సర్వర్‌కి ఎక్కించాలి. ఒకే దారి రోజూ నడుస్తూ ఉంటుంది, దాని మీద నమ్మకం కుదురుతుంది.

సొంతంగా రాసుకుంటే లోకల్ నిల్వకి ఎస్‌క్యూలైట్ అనే చిన్న ఫైల్ డేటాబేస్ చాలు. జర్నల్ మోడ్‌ని డబ్ల్యూఏఎల్‌కి (మార్పులను ముందు వేరే లాగ్ ఫైల్‌లో రాసే పద్ధతికి) మార్చండి, సింక్రనస్ సెట్టింగ్‌ని ఫుల్‌లో ఉంచండి. నార్మల్‌లో ఉంచితే కరెంటు పోయినప్పుడు ఫైల్ పాడవదు కానీ చివరి కొన్ని ట్రాన్సాక్షన్లు (ఒక్కసారిగా రాసిన కట్టలు) మాయమవ్వొచ్చు. ఒక్కో రికార్డుకీ ఒక ట్రాన్సాక్షన్ పెట్టకుండా సెకనుకి ఒక కట్టగా రాయండి, డిస్క్ ఊపిరి పీల్చుకుంటుంది. ఆ ఫైల్ అదే కంప్యూటర్ డిస్క్ మీద ఉండాలి. నెట్‌వర్క్ షేర్ మీద డబ్ల్యూఏఎల్ పనిచేయదు, పైగా మనం భయపడుతున్నదే నెట్‌వర్క్ గురించి.

ప్రతి రికార్డుకీ స్టేషన్ పేరు, ఎప్పటికీ వెనక్కి తిరగని వరస సంఖ్య జత చేయండి. ఎందుకంటే, పంపే ప్రోగ్రామ్ 500 రికార్డులు పంపింది, సర్వర్ కమిట్ చేసింది (శాశ్వతంగా రాసేసింది), సరే అన్న మాట దారిలో ఉండగా కేబుల్ తెగింది అనుకోండి. చేరాయో లేదో మీకు తెలియదు. మళ్లీ పంపక తప్పదు. సర్వర్ టేబుల్ మీద ఈ రెండు కాలమ్‌లకూ కలిపి, ఒకే జత రెండోసారి రానివ్వని యూనిక్ ఇండెక్స్ ఉంటే రెండోసారి వచ్చినవి నిశ్శబ్దంగా పక్కకు పోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ అన్న ఒక్క మాటతో ఇది జరుగుతుంది. సర్వర్ కమిట్ అయిందని చెప్పాకే లోకల్ క్యూలోంచి తీసేయాలి.

సమయం విషయంలో ఒక ఉచ్చు ఉంది. సర్వర్ టేబుల్‌లో సమయం కాలమ్‌కి డిఫాల్ట్‌గా సర్వర్ గడియారం పెట్టి ఉంటుంది చాలాచోట్ల. రోజూ బాగానే నడుస్తుంది. 8 గంటల తర్వాత కనెక్షన్ వచ్చి బఫర్ ఖాళీ అయినప్పుడు, 8 గంటల రికార్డులూ ఆ కాసేపట్లోనే జరిగినట్టు ఎక్కుతాయి. ట్రెండ్ చూస్తే రాత్రంతా ఖాళీ, పొద్దున ఒక నిలువు గీత. కాబట్టి రికార్డు పుట్టిన చోటే సమయం ముద్ర పడాలి. పీఎల్‌సీలు, స్కాడా మాట్లాడుకోవడానికి వాడే ఓపీసీ యూఏలో సోర్స్ టైమ్‌స్టాంప్, సర్వర్ టైమ్‌స్టాంప్ అని రెండుంటాయి, సోర్స్‌ది తీసుకోండి. యూటీసీలో (ప్రపంచమంతా ఒకటిగా వాడే సమయంలో) నిల్వ చేయండి. టైమ్ సర్వర్ కూడా ప్లాంట్ నెట్‌వర్క్ లోపలే ఉండాలి.

ఇక పంపేటప్పుడు వచ్చే ఎర్రర్లు అన్నీ ఒకటి కావు. కనెక్షన్ ఎర్రర్ అయితే ఆగి మళ్లీ ప్రయత్నించండి. రికార్డులోనే తప్పుంటే, అంటే కాలమ్‌లో పట్టనంత పొడుగు అక్షరాలో, ఉండకూడని చోట ఖాళీయో ఉంటే, ఎన్నిసార్లు పంపినా అదే జవాబు. ఆ ఒక్క రికార్డు క్యూ మూతికి అడ్డం పడి వెనకున్న లక్షలన్నిటినీ ఆపేస్తుంది. దాన్ని తీసి విడిగా క్వారంటైన్ టేబుల్‌లో పెట్టి, మిగతావాటిని కదలనివ్వండి. మూడో రకం ఇంకా మోసకారి: కనెక్షన్ ఉంటుంది, లాగిన్ అవుతుంది, రాయడం మాత్రం కుదరదు. సర్వర్ డిస్క్ నిండినప్పుడు ఇలా అవుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌లో 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు ఉంది, అది దాటితే కూడా ఇంతే. దీన్ని క్వారంటైన్‌కి పంపకండి, కనెక్షన్ పోయినట్టే లెక్కేసి ఆగండి. కనెక్షన్ బాగుందో లేదో చూసే ప్రోగ్రామ్ కూడా ఊరికే చదివి చూడకుండా ఒక చిన్న రికార్డు రాసి చూడాలి.

డిస్క్ ఎంత కావాలో కాగితం మీద లెక్క వేసుకోండి. సెకనుకి 500 రికార్డులు, ఒక్కోటి ఇండెక్స్‌తో కలిపి 100 బైట్లు అనుకుంటే గంటకి 180 ఎంబీ, రోజుకి 4.3 జీబీ. సర్వర్ బాగవడానికి మూడు రోజులు పట్టినా తట్టుకోవాలంటే 13 జీబీ, దానికి రెట్టింపు పక్కన పెట్టండి. అదీ నిండుతుంటే ఏం వదిలేయాలో ముందే తేల్చుకోవాలి. ఆపరేటర్ చేసిన మార్పులు, అలారాలు, బ్యాచ్ రికార్డులు ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. ట్రెండ్లను సెకనుకి ఒకటి నుంచి పది సెకన్లకు ఒకటిగా పలచన చేయవచ్చు. అందుకే ఆ రెంటికీ రెండు వేర్వేరు క్యూలు పెట్టండి.

చదివేవాటికి: లోకల్ కాపీ, దాని వయసు

రెసిపీలు, యూజర్లు, అలారం హద్దులు రోజుకి ఎన్నిసార్లు మారతాయి? చాలా తక్కువ. అలాంటప్పుడు ప్రతిసారీ సర్వర్‌ని అడగడం దేనికి? స్కాడా ఎప్పుడూ లోకల్ కాపీ నుంచే చదవాలి. వెనకాల ఒక పని ఐదు నిమిషాలకోసారి సర్వర్‌లో మార్పులున్నాయేమో చూసి తెచ్చుకోవాలి.

తెచ్చుకునేటప్పుడు పాత కాపీ మీదే దిద్దకండి. సగం వచ్చాక కేబుల్ తెగితే సగం పాతది, సగం కొత్తది అయిన రెసిపీ తయారవుతుంది. రెసిపీ లేకపోవడం కన్నా ఇది ప్రమాదం. పక్కన తాత్కాలిక టేబుల్‌లోకి మొత్తం దించుకుని, వరసల సంఖ్య, చెక్‌సమ్ సరిచూసి, ఒకే ట్రాన్సాక్షన్‌లో మార్చండి. సర్వర్ బాగుచేశాక ఒక్కోసారి టేబుల్స్ ఖాళీగా లేస్తాయి. నిన్న 240 రెసిపీలుండి ఈరోజు 0 వస్తే మార్చకుండా అలారం ఇవ్వాలి.

క్వెరీ విఫలమైతే సున్నా తిరిగిచ్చే స్క్రిప్టులు కనబడితే అక్కడికక్కడే సరిచేయండి. ఆ సున్నా సెట్‌పాయింట్‌లోకి వెళ్లిందంటే మామూలు నెట్‌వర్క్ సమస్య కాస్తా ప్రాసెస్ సమస్య అవుతుంది. విలువ రాకపోతే పాతదాన్నే ఉంచి క్వాలిటీని బ్యాడ్ అని చూపించండి.

అయితే అన్నిటినీ కొనసాగించకూడదు. ల్యాబ్ ఫలితం, క్వాలిటీ అనుమతి లాంటివాటికి పాత కాపీ చెల్లదు. నిన్నటి అనుమతితో ఈరోజు సరుకు బయటికి పంపలేం. అక్కడ సరుకుని హోల్డ్‌లో పెట్టి, ముందున్న లైన్‌ని నడవనివ్వండి. ఏది ఏ గుంపులోకి వస్తుందో ప్రొడక్షన్, క్వాలిటీ వాళ్లతో కూర్చుని రాయించుకోండి. మీరొక్కరే తేల్చేసే సంగతి కాదిది.

బ్యాచ్ నంబర్లకు సర్వర్ కౌంటర్ మీద ఆధారపడకండి. స్టేషన్ కోడ్ ముందు పెట్టి లోకల్ కౌంటర్ నడపండి. లేదా కనెక్షన్ ఉన్నప్పుడే ఒక 500 నంబర్ల కట్ట తెచ్చుకుని అందులోంచి వాడుకోండి.

లాగిన్ సంగతి మరచిపోయేవాళ్లే ఎక్కువ. యూజర్లు డేటాబేస్‌లోనో కంపెనీ డొమైన్‌లోనో ఉంటే, కనెక్షన్ పోయిన రాత్రి ఆటో లాగౌట్ అయిన ఆపరేటర్ మళ్లీ లోపలికి రాలేడు. యంత్రాలు నడుస్తుంటాయి, ఆయన చూస్తూ ఉంటాడు. లోకల్ యూజర్ల జాబితాకి మళ్లే ఏర్పాటు పెట్టండి. అత్యవసర ఖాతా పాస్‌వర్డ్‌ని సీలు వేసిన కవరులో కంట్రోల్ రూమ్‌లో ఉంచి, కవరు తెరిచిన ప్రతిసారీ మార్చండి. కంప్యూటర్ పేర్లను అడ్రసులుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్, లైసెన్స్ సర్వర్ కూడా అదే కోవలోకి వస్తాయి: అవి ఆఫీసు వైపు ఉంటే మీ ప్లాంట్ ఆఫీసు మీద ఆధారపడి ఉన్నట్టే.

ఆపరేటర్‌కి ఏం కనబడాలి

స్క్రీన్ పైన ఒక పసుపు పట్టీ చాలు: లోకల్‌గా నడుస్తోంది, ఎప్పటినుంచి, క్యూలో ఎన్ని రికార్డులు, డిస్క్ ఇంకా ఎన్ని గంటలకు సరిపోతుంది, రెసిపీ కాపీ ఏ తేదీది. అలారం ఒక్కటే రావాలి. విఫలమైన ప్రతి క్వెరీకీ ఒక పాపప్ వస్తుంటే అసలైన ప్రాసెస్ అలారం ఆ గుంపులో కలిసిపోతుంది. చేయాల్సిన పని, ఎవరికి ఫోన్ చేయాలో ఆ అలారం మీద నొక్కితే కనబడాలి.

కనెక్షన్ తిరిగి వచ్చాక

అసలు తొక్కిసలాట ఇప్పుడు మొదలవుతుంది. సర్వర్ సెకనుకి 2000 రికార్డులు తీసుకోగలదు, లైవ్‌గా 500 వస్తున్నాయి అనుకుంటే పాతవాటికి మిగిలేది 1500. ఎనిమిది గంటల బకాయి అంటే 1.44 కోట్ల రికార్డులు. అవి ఖాళీ అవ్వడానికి 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. హద్దు లేకుండా వదిలితే సర్వర్ మళ్లీ పడుకుంటుంది. పంపే వేగానికి పరిమితి పెట్టండి. పది స్టేషన్లు ఒకే క్షణంలో మీద పడకుండా ఒక్కో స్టేషన్ కొన్ని సెకన్లు అటూఇటూగా మొదలుపెట్టేలా చూడండి. అలారాలు, బ్యాచ్ రికార్డుల క్యూ ముందు, ట్రెండ్లు తర్వాత. ఆ గంటల్లో తయారైన సగటులు, షిఫ్ట్ రిపోర్టులు తప్పుగా ఉంటాయి కాబట్టి క్యూ ఖాళీ అయ్యాక వాటిని మళ్లీ లెక్కించండి.

పరీక్ష: కేబుల్ మీ చేత్తోనే పీకండి

మెయింటెనెన్స్ కోసం లైన్ ఆపిన రోజున, ప్రొడక్షన్ వాళ్ల అనుమతితో చేయండి. సర్వీస్ ఆపి చూడటం అతి సులువైన పరీక్ష, దాంతో సంతృప్తి పడొద్దు. నెట్‌వర్క్ కేబుల్ పీకండి. పీకే కేబుల్ స్కాడా కంప్యూటర్‌ది కాకుండా సర్వర్ వైపుదై ఉండాలి, ఎందుకంటే మీ సొంత పోర్టు లైటు ఆరిపోతే ఆపరేటింగ్ సిస్టమ్‌కి ముందే తెలిసిపోతుంది. తర్వాత ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుకి వచ్చే ప్యాకెట్లను జవాబివ్వకుండా పారేయించండి. ఆ తర్వాత డేటాబేస్‌లో ఒక టేబుల్‌ని లాక్ చేసి వదిలేయండి: కనెక్షన్ ఉంటుంది, జవాబు రాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. కనెక్షన్ లేకుండా ఉండగానే స్కాడా కంప్యూటర్‌ని పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయండి. నడుస్తున్న సిస్టమ్ తట్టుకున్నా, మొదలయ్యేటప్పుడు డేటాబేస్ కోసం పట్టుబట్టి లేవకుండా కూర్చునే ప్రాజెక్టులు ఎన్నో ఉన్నాయి. కరెంటు పోయి వచ్చిన రాత్రి సరిగ్గా ఇదే జరుగుతుంది: ప్లాంట్ ముందు లేస్తుంది, సర్వర్ గది తర్వాత లేస్తుంది. లాగిన్ అవ్వగలిగారా, రెసిపీ ఎంచుకోగలిగారా, బ్యాచ్ మొదలైందా, వాల్వ్ బటన్ నొక్కినప్పటి నుంచి వాల్వ్ కదిలేదాకా ఎన్ని సెకన్లు పట్టింది, ఇవన్నీ స్టాప్‌వాచ్‌తో రాసుకోండి.

కేబుల్ తిరిగి పెట్టాక, పరీక్ష జరిగిన గంటల్లో ఒక్కో స్టేషన్ నుంచి వచ్చిన వరస సంఖ్యలను సర్వర్‌లో తీసి చూడండి. మధ్యలో ఒక్క అంకె కూడా తప్పిపోకూడదు, ఏదీ రెండుసార్లు రాకూడదు. క్వారంటైన్ టేబుల్‌లో ఏమైనా పడి ఉంటే ఒక్కోటీ తెరిచి కారణం చూసి, సరిచేసి తిరిగి క్యూలోకి పంపండి. స్కాడా వెర్షన్ మార్చినా, డేటాబేస్ డ్రైవర్ మార్చినా, ఎవరైనా కొత్త స్క్రీన్ చేర్చినా ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి.